సీషెల్స్ గుడ్లగూబ కూత వినిపిస్తోంది, పిట్ట కనిపించడం లేదు

సీషెల్స్ దేశంలోని మాహే దీవి కొండ అడవుల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని చిన్న గుడ్లగూబ ఇది. 1959లో మళ్లీ కనిపించేదాకా అంతరించిపోయిందనే అనుకున్నారు. కూత అచ్చం రంపంతో దుంగ కోస్తున్నట్టు ఉంటుంది.

సాన్ సూసీ రోడ్డు మీద మిషన్ లాడ్జ్ దగ్గర వరసగా నాలుగు సాయంత్రాలు, 6:15 నుంచి 8:30 దాకా నిలబడ్డాను. రెండో రోజు 7:10కి, నాలుగో రోజు 7:40కి కూత స్పష్టంగా వినిపించింది, మహా అయితే 30 మీటర్ల దూరం. ఎర్ర కాగితం చుట్టిన టార్చ్ వేసి చూశాను, ఆకులు తప్ప ఏమీ లేవు. మూడో రోజు వాన. పైగా పండ్లు తినే గబ్బిలాల గోలలో శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో తెలియడం లేదు. మోర్న్ బ్లాన్ కొండ దారిలో ఒక తెల్లవారుజామున 4:30కి వెళ్లాను, కూత కూడా లేదు.

రికార్డింగ్ పెట్టి పిలవమని కొందరన్నారు. ఇంత తక్కువగా మిగిలిన పిట్టను అలా కంగారు పెట్టడం నాకు ఇష్టం లేదు.

దీన్ని కళ్లారా చూసినవాళ్లు చెప్పండి: రికార్డింగ్ వాడకుండా చూడాలంటే, కూత వినిపించాక చెట్టులో ఎంత ఎత్తున, ఎలాంటి కొమ్మ మీద వెతకాలి?