చైనా నేవీ నిజంగా అమెరికాని దాటేసిందా, లేక ఇది ఉత్త నౌకల లెక్కేనా?

లెక్కలపిచ్చి:

ఫుజియాన్ విమానవాహక నౌక 2025 నవంబర్‌లో చైనా నేవీలో చేరింది కదా, అప్పటి నుంచి నా ఫోన్ నిండా ఇవే వీడియోలు. ఒకాయన చైనాకి 370కి పైగా యుద్ధనౌకలు, అమెరికాకి 290 చిల్లర, ఇక అమెరికా పనైపోయింది అంటాడు. ఇంకొకాయన చైనాది పైన పటారం లోన లొటారం, 1979లో వియత్నాం మీదికి వెళ్ళాక మళ్ళీ పెద్ద యుద్ధమే చూడలేదు అంటాడు. ఇద్దరూ అరుస్తారే గానీ విషయం చెప్పరు. చైనా ఇంత డబ్బు పోసి కట్టుకుంటున్నది దేనికి? అమెరికాలాగా ప్రపంచమంతా తిరగడానికా, తైవాన్ కోసమా? ఈ ఇద్దరి మధ్య ఫిలిప్పీన్స్, వియత్నాం, శ్రీలంక లాంటివాళ్ళ సంగతేంటి? తెలిసినవాళ్ళు ఓపిగ్గా రాయండి, ఉత్త లింకులు పడేసి వెళ్ళకండి.

పాతపేపర్లు:

దీని వేర్లు 1996లో ఉన్నాయి. ఆ మార్చిలో తైవాన్ ప్రజలు మొదటిసారి నేరుగా అధ్యక్షుణ్ణి ఎన్నుకోబోతుంటే, వాళ్ళని బెదిరించడానికి చైనా ఆ ద్వీపం దగ్గరి సముద్రంలోకి మిస్సైళ్ళు వదిలింది. క్లింటన్ రెండు విమానవాహక నౌకల దళాల్ని పంపాడు, చైనా చూస్తూ ఊరుకోవాల్సి వచ్చింది. అంతకు ఐదేళ్ళ ముందు గల్ఫ్ యుద్ధంలో, తమలాగే సోవియట్ తరహా ఆయుధాలున్న ఇరాక్ సైన్యం వారాల్లో కుప్పకూలడం కూడా వాళ్ళ జనరళ్ళు కళ్ళారా చూశారు. ఈ రెండూ కలిసి వాళ్ళకి బాగా నాటుకున్నాయి.

అప్పటి నుంచి వాళ్ళ ఆలోచన అంతా ఒకే దాని చుట్టూ తిరిగింది: ఇంకోసారి ఇలాంటిది జరిగితే అమెరికా నౌక తమ తీరం వైపు రావడానికి పదిసార్లు ఆలోచించుకోవాలి. అందుకే డీఎఫ్-21డీ. నేల మీద లారీ నుంచి వదిలి దాదాపు 1,500 కి.మీ. దూరంలో కదులుతున్న నౌకని కొట్టాలని తయారుచేసిన మిస్సైల్ అది. డీఎఫ్-26 అయితే దాదాపు 4,000 కి.మీ., అంటే పసిఫిక్ ద్వీపం గువామ్‌లోని అమెరికా బేస్ దాకా. కదిలే నౌకకి అంత దూరం నుంచి నిజంగా తగులుతుందా అంటే, యుద్ధంలో ఎవరూ వాడి చూడలేదు. కానీ తగలొచ్చు అన్న అనుమానం చాలు, నౌకలో ఐదు వేల మందిని పెట్టుకుని వచ్చేవాడు దూరంగానే ఆగుతాడు.

2015-16లో సైన్యాన్ని కూడా తిరగేశారు. 3 లక్షల మందిని తగ్గించి, ఏడు సైనిక ప్రాంతాల్ని ఐదు థియేటర్ కమాండ్‌లుగా (ఒక్కో దిక్కున ఉన్న దళాలన్నిటికీ ఒకే కమాండ్) చేసి, మిస్సైళ్ళ కోసం రాకెట్ ఫోర్స్ అని వేరే దళం పెట్టారు. ఇది మన ఛానళ్ళలో పెద్దగా రాలేదు గానీ, మనకి కూడా సంబంధించిందే: అంతకుముందు మన సరిహద్దుని ఇద్దరు కమాండర్లు పంచుకునేవాళ్ళు, ఇప్పుడు మొత్తం వెస్టర్న్ థియేటర్ కమాండ్ ఒక్కటే చూసుకుంటుంది.

డీజిల్‌వాసన:

పైన చెప్పింది కరెక్టే, కానీ మిస్సైళ్ళ కంటే నన్ను భయపెట్టేది షిప్‌యార్డులు. ప్రపంచంలో తయారయ్యే వాణిజ్య నౌకల్లో టన్నుల లెక్కన సగానికి పైగా ఇప్పుడు చైనావే, అమెరికా వాటా ఒక శాతం కూడా లేదు. ఫుజియాన్ కట్టిన షాంఘైలోని జియాంగ్‌నాన్ యార్డులోనే సరుకు నౌకలు కూడా కడతారు. అంటే బయటివాళ్ళ ఆర్డర్ల డబ్బుతో క్రేన్లు, వెల్డర్లు, ఉక్కు సరఫరా అన్నీ నడుస్తూ ఉంటాయి, నేవీ పని అందులోనే కలిసిపోతుంది. యుద్ధం వస్తే దెబ్బతిన్న నౌకని రిపేర్ చేసి మళ్ళీ నీళ్ళలోకి ఎవరు ముందు దింపుతారో ఊహించుకోండి.

అయితే 370 వర్సెస్ 290 అన్న లెక్క మాత్రం శుద్ధ దండగ. అమెరికా నౌకలు పెద్దవి, మొత్తం బరువు తీస్తే వాళ్ళే ముందు. విమానవాహక నౌకలు వాళ్ళకి 11, అన్నీ అణుశక్తితో నడిచేవే. చైనాకి మూడు, ఒక్కటీ అణుశక్తిది కాదు. ఫుజియాన్‌లో విద్యుదయస్కాంత కాటపల్ట్ (విమానాన్ని డెక్ మీద నుంచి విసిరి లేపే యంత్రం) ఉంది, అది నిజంగా గొప్పే, అంతకుముందు అమెరికా నౌక ఫోర్డ్ ఒక్కదాంట్లోనే ఉండేది. కానీ దూరం వెళ్ళాలంటే వెనకాలే ఆయిల్ నౌక కూడా వెళ్ళాలి.

ఇంతకీ వాళ్ళ మొదటి విమానవాహక నౌక కథ తెలుసా? 1998లో ఉక్రెయిన్ నుంచి సగం కట్టి వదిలేసిన సోవియట్ నౌకని, మకావులో నీటి మీద తేలే కాసినో పెడతాం అని చెప్పి ఒక కంపెనీ పేరుతో కొన్నారు. 2012లో అదే లియావోనింగ్ అయ్యి నేవీలో చేరింది.

చలిమంట:

అందరూ ఇనుము గురించే మాట్లాడుతున్నారు, మనుషుల గురించి ఎవరూ మాట్లాడట్లేదు. రక్షణ మంత్రి లీ షాంగ్‌ఫూని 2023 అక్టోబర్‌లో తీసేశారు. 2024 జూన్‌లో ఆయన్నీ, ఆయనకి ముందు మంత్రి వీ ఫెంగ్‌హెనీ లంచాల కేసుల్లో పార్టీ నుంచే వెళ్ళగొట్టారు. 2025 అక్టోబర్‌లో ఏకంగా తొమ్మిది మంది సైనిక పెద్దల్ని అలాగే వెళ్ళగొట్టారు, అందులో సైన్యాన్ని నడిపే సెంట్రల్ మిలిటరీ కమిషన్ వైస్ చైర్మన్ హె వీడాంగ్ కూడా ఉన్నాడు. రాకెట్ ఫోర్స్ పై అధికారుల్ని కూడా ఊడ్చేశారు. తన ఉద్యోగం ఎప్పుడు పోతుందో తెలీని జనరల్, "సార్, మనం ఇంకా రెడీగా లేము" అని జిన్‌పింగ్ ముఖం మీద చెబుతాడా? నాకైతే నమ్మకం లేదు.

ఖర్చు విషయానికొస్తే 2025కి వాళ్ళు ప్రకటించిన బడ్జెట్ 1.78 లక్షల కోట్ల యువాన్, అంతకుముందు ఏడాది కంటే 7.2 శాతం ఎక్కువ. బయటివాళ్ళు ఆ లెక్కని నమ్మరు. 2024కి సిప్రి అనే స్వీడన్ పరిశోధన సంస్థ వేసిన అంచనా 314 బిలియన్ డాలర్లు, అదే ఏడాది అమెరికాది 997. మూడో వంతు ఖర్చుతో ఒక్క తమ పక్క సముద్రం చూసుకోవడం వేరు, ప్రపంచమంతా చూసుకోవడం వేరు.

పాతపేపర్లు:

@చలిమంట అవినీతి సంగతి ఒప్పుకుంటా. కానీ తీసేస్తున్నాడంటే సైన్యం పనికిరాదనే అనుకోనక్కర్లేదు, పనికొచ్చేలా చెయ్యడానికే తీసేస్తున్నాడేమో. 2027కల్లా తైవాన్ మీదికి వెళ్ళడానికి సిద్ధంగా ఉండమని జిన్‌పింగ్ సైన్యానికి చెప్పాడని అప్పటి సీఐఏ డైరెక్టర్ బర్న్స్ అన్నాడు, అదే నోటితో సిద్ధంగా ఉండటం అంటే వెళ్తున్నట్టు కాదని కూడా అన్నాడు. యూట్యూబ్ వాళ్ళు మొదటి సగమే చెబుతారు.

చైనాకి తైవాన్ మీద సైన్యాన్ని దింపే అవసరం కూడా ఉండకపోవచ్చు. రెండిటి మధ్య జలసంధి ఇరుకైన చోట కూడా 130 కి.మీ. ఉంటుంది, లక్షల మందిని అంత నీళ్ళు దాటించడం ఆషామాషీ కాదు. 2022 ఆగస్టులో అప్పటి అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్ పెలోసీ తైవాన్ వెళ్ళొచ్చాక చేసిన విన్యాసాలు చూస్తే ద్వీపాన్ని చుట్టూ మూసేసే ప్రాక్టీసులాగే ఉన్నాయి. తైవాన్ వాడే ఇంధనం దాదాపు అంతా దిగుమతే. మూసేస్తే ఎన్నాళ్ళు ఆగగలదు అన్నదే అసలు ప్రశ్న. కాకపోతే చైనా దిగుమతి చేసుకునే ఆయిల్‌లో చాలా భాగం కూడా మలక్కా జలసంధి దాటే రావాలి, ఆ టెన్షన్ వాళ్ళకీ ఉంది, అండమాన్ ఆ దారి మొదట్లోనే ఉంది కదా.

రెండుపడవలు:

చిన్న దేశాల గురించి అడిగారు కాబట్టి. అక్కడ యుద్ధనౌకలు పెద్దగా కనపడవండీ, తెల్ల రంగు కోస్ట్ గార్డ్ నౌకలూ, చేపల పడవల పేరుతో తిరిగే మిలీషియా కనిపిస్తాయి. ఫిలిప్పీన్స్ వాళ్ళు దక్షిణ చైనా సముద్రంలో చైనా కూడా తనదే అనే సెకండ్ థామస్ షోల్ దగ్గర 1999లో కావాలనే ఒక పాత నౌకని దిబ్బ మీదికి ఎక్కించి, ఇప్పటికీ తుప్పు పట్టిన ఆ నౌకలోనే సైనికుల్ని ఉంచుతున్నారు. వాళ్ళకి తిండీ నీళ్ళూ తెచ్చే పడవల మీద చైనా వాటర్ కానన్లు కొడుతుంది. 2024 జూన్‌లో అయితే కత్తులూ గొడ్డళ్ళూ పట్టుకుని పడవల మీదికి వచ్చారు, ఒక ఫిలిప్పీన్స్ సైనికుడి బొటనవేలు తెగిపోయింది. తుపాకీ పేలలేదు కాబట్టి ఎవరూ దాన్ని యుద్ధం అనరు. 2016లో హేగ్ ట్రిబ్యునల్ ఈ సముద్రం మీద చైనా వాదన చెల్లదని తీర్పు ఇచ్చింది, చైనా ఆ కాగితాన్ని పట్టించుకోలేదు.

మరి వాళ్ళేం చేశారు? ఫిలిప్పీన్స్ 2023లో అమెరికాకి ఇంకో నాలుగు స్థావరాలు తెరిచింది, మన దగ్గర బ్రహ్మోస్ కొంది, మొదటి విడత 2024 ఏప్రిల్‌లో వెళ్ళింది. వియత్నాం ఇంకో దారి పట్టింది: 2023 సెప్టెంబర్‌లో బైడెన్‌కి స్వాగతం, డిసెంబర్‌లో జిన్‌పింగ్‌కి స్వాగతం, 2024 జూన్‌లో పుతిన్‌కీ స్వాగతం. నాకు ఎక్కువ నచ్చేది వీళ్ళ తెలివే.

శ్రీలంక విషయంలో అందరూ హంబన్‌తోట రేవుని చైనా అప్పు తీర్చలేక రాసిచ్చారు అంటారు, అంత సింపుల్ కాదు. 2017లో 99 ఏళ్ళ లీజుకి వచ్చిన 1.12 బిలియన్ డాలర్లతో చైనా అప్పు రద్దు కాలేదు, ఆ డబ్బు వాళ్ళ విదేశీ మారకం నిల్వలకి వెళ్ళింది. 2022 ఆగస్టులో ఉపగ్రహాల్నీ మిస్సైళ్ళనీ గమనించే చైనా నౌక యువాన్ వాంగ్ 5 అక్కడికి వచ్చినప్పుడు మనవాళ్ళు గట్టిగా అభ్యంతరం చెప్పినా రానిచ్చారు. తర్వాత 2024లో ఏ దేశపు పరిశోధన నౌకా రాకూడదని ఏడాది పాటు ఆపేశారు. ఒకసారి అటు, ఒకసారి ఇటు.

లెక్కలపిచ్చి:

అందరికీ థాంక్స్, ముఖ్యంగా కాసినో కథకి. అంటే దగ్గర్లో అమెరికాని ఆపడానికి మిస్సైళ్ళు, పక్కవాళ్ళని నెట్టడానికి తెల్ల నౌకలు, దూరంలో రేవులూ అప్పులూ. మరి మూడు విమానవాహక నౌకలు ఎందుకు? తైవాన్ వాళ్ళ తీరం నుంచే అందుతుంది కదా.

డీజిల్‌వాసన:

మంచి ప్రశ్న. తైవాన్‌కి అవి పెద్దగా అక్కర్లేదు, ద్వీపం తూర్పు వైపు నుంచి అడ్డుకోవడానికి తప్ప. అవి ఆ తర్వాతి రోజుల కోసం, హిందూ మహాసముద్రం కోసం. కానీ నౌక ఉంటే చాలదు, ఆగడానికి చోటు కావాలి. చైనా ఒప్పుకున్న విదేశీ బేస్ ఆఫ్రికాలో 2017లో పెట్టిన జిబూటి ఒక్కటే.

రెండుపడవలు:

కంబోడియాలో రీమ్ నౌకా స్థావరాన్ని మర్చిపోయారు. చైనా డబ్బుతోనే కట్టారు, చైనా నౌకలు నెలల తరబడి అక్కడే ఆగాయి. కంబోడియా మాత్రం మా రాజ్యాంగం ప్రకారం విదేశీ బేస్‌లు ఉండకూడదు, కాబట్టి అది బేస్ కాదు అంటుంది.