నాటుకోళ్ళు తిరిగిన నేల మీద టర్కీ పిల్లలను వదలవచ్చా?

నమస్కారం. మా పెరట్లో చాలా ఏళ్ళుగా నాటుకోళ్ళు ఉన్నాయి. టర్కీలను పెంచడం మాత్రం ఇదే మొదటిసారి. ఇంక్యుబేటర్‌లో పెట్టిన గుడ్లలో 28వ రోజుకు 11 పిల్లలయ్యాయి, అయితే వాటిలో రెండు మేత ముట్టకుండానే మొదటి వారంలో చనిపోయాయి. నీళ్ళ పళ్ళెంలో రంగు గోళీలు వేశాక మిగిలినవి ఆ మెరుపును పొడుస్తూ తాగడం నేర్చుకున్నాయి. ముక్కు కొనకు అంటిన నీటి చుక్కను విదిలించుకుని మళ్ళీ గోళీ మీదికి వంగే ఆ చిన్న తలలను చూస్తుంటే ప్రాణం కుదుటపడింది.

ఇప్పుడు వాటికి 6 వారాలు. బయటి నేల మీదికి వదలాలంటే బ్లాక్‌హెడ్ వ్యాధి భయం వెనక్కి లాగుతోంది. కోళ్ళ పేగుల్లోని పురుగుల గుడ్ల ద్వారా, వాటిని మింగిన వానపాముల ద్వారా వ్యాపించే ఈ వ్యాధి కోళ్ళలో పెద్దగా బయటపడకపోయినా, టర్కీల కాలేయాన్ని దెబ్బతీసి గంధకం రంగు రెట్టతో మొదలై ప్రాణం తీస్తుందనీ, ఆ గుడ్లు మట్టిలో ఏళ్ళ తరబడి బతికే ఉంటాయనీ చదివాను.

కోళ్ళు ఎన్నడూ తొక్కని మూల ఒక్కటే మిగిలింది, కానీ వాన పడితే కోళ్ళగూటి నీరు అటే పారుతుంది. అక్కడ గట్టు వేసి కంచె కడితే సరిపోతుందా, లేక నేలకు ఎత్తుగా, రెట్ట కిందికి జారిపోయే జాలీ అడుగుతో గూడు కట్టడమే మేలా? కోళ్ళకు క్రమంగా నట్టల మందు వేస్తే ముప్పు ఎంతవరకు తగ్గుతుంది? రెండింటినీ ఒకే చోట పెంచిన అనుభవం ఉన్నవారు, నష్టపోయినవారు సైతం, దయచేసి వివరంగా చెప్పగలరు.