చెరువులో తెడ్డు పట్టినవాళ్లు ఉప్పుటేట్లోకి తమంతట తాము వెళ్లవచ్చా?

హనుమకొండ మిత్రుడు:
అందరికీ నమస్కారం. మేం ఎనిమిది మందిమి. రెండేళ్లుగా హనుమకొండ దగ్గర ఒక ఊరి చెరువులో, అక్కడి మత్స్యకార సంఘం వారిని అడిగి, గాలి నింపే కయాక్‌లు, అంటే ఒకరిద్దరు కూర్చుని తెడ్డుతో నడిపే సన్నని పడవలు, నడుపుతున్నాం. అందరికీ ఈత వచ్చు. డిసెంబరులో మూడు రోజులు బాపట్ల వెళ్లి సూర్యలంక తీరం, నిజాంపట్నం వైపు మడ అడవుల మధ్య ఉప్పుటేళ్లు చూడాలని అనుకుంటున్నాం. సగం మంది స్థానికుడిని వెంట తీసుకుని వెళ్దామంటున్నారు. మిగతా సగం మంది, రెండేళ్ల సాధన ఉంది కదా, మనమే వెళ్దాం, ఎవరో ముందు నడుస్తుంటే ఆ ప్రశాంతత ఉండదు అంటున్నారు. నేను రెండో పక్షం. మీరేమంటారు?

కాజీపేట రైల్వే కాలనీ:
తమ్ముడూ, నేను పుట్టింది నిజాంపట్నం పక్కన ఒక పల్లెలో. ఉద్యోగం వల్ల ఇరవై రెండేళ్లుగా కాజీపేటలో ఉంటున్నాను. ఆ నీళ్లూ ఈ నీళ్లూ రెండూ తెలుసు కాబట్టి చెబుతున్నాను. తప్పకుండా వెళ్లండి. మీ అంతట మీరు మాత్రం వెళ్లవద్దు.

చెరువు నీరు నిలిచి ఉంటుంది. నిండి మత్తడి దుంకే నాలుగు రోజులు తప్ప ఎటూ పోదు. అలసిపోయి తెడ్డు ఒళ్లో పెట్టుకున్నా, గాలి లేకపోతే ఉన్నచోటే ఉంటారు. ఉప్పుటేరు అలా కాదు. సముద్రం పొంగితే నీరు లోపలికి వస్తుంది, దాన్ని పోటు అంటాం. తీస్తే వెనక్కి పోతుంది, అది పాటు. ఒక్కొక్కటి ఆరు గంటల పైచిలుకు. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. వేళ కూడా నిలకడగా ఉండదు, రోజుకు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. నిన్న ఎనిమిదింటికి నిండుగా ఉన్న పాయ ఇవాళ ఎనిమిదింటికి అలా ఉండదు.

పోటు మీద లోపలికి వెళ్లడం చాలా సుఖం. నీరే తోసుకుపోతుంది, మన చేతుల బలమే అనుకుంటాం. మడ చెట్ల నీడలో ఫొటోలు తీసుకుంటూ గంట ఆలస్యం చేస్తే పాటు మొదలవుతుంది. సన్నని పాయల్లో నీరు చూస్తుండగానే తగ్గిపోతుంది, కయాక్ బురద మీద కూర్చుంటుంది. దిగి లాగుదామంటే తొడల దాకా దిగబడే నల్ల బురద. అందులోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన తెల్లమడ శ్వాసవేర్లు. చెప్పులు ఊడిపోతాయి, పాదాలు కోసుకుపోతాయి. మళ్లీ పోటు వచ్చేదాకా ఎండలో కూర్చోవాలి. చుట్టూ నీరున్నా తాగడానికి చుక్క ఉండదు. చిన్నప్పుడు నాకు ఇది జరిగింది. సాయంత్రం దాకా మా నాన్న ఏటి ఒడ్డున పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు. ఆ గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఇక మొగ దగ్గర, అంటే ఏరు సముద్రంలో కలిసేచోట, పాటు వేళకు అసలు ఉండకండి. బయటికి పోయే నీరు, లోపలికి వచ్చే అల ఒకదాన్నొకటి ఢీకొని అక్కడ అలలు నిటారుగా లేస్తాయి. కొత్తగా నేర్చిన మనిషి గంటకు నాలుగైదు కిలోమీటర్లు తెడ్డు వేస్తాడు. పాటు లాగుడు అంతే ఉంటే ఎంత వేసినా ఉన్నచోటే ఉంటాడు.

పాకాల నీడ:
అన్నా, మీ అనుభవం మీద గౌరవం ఉంది. అయినా ఇంత భయపెట్టడం అవసరమా? కయాక్ పుట్టిందే సముద్రం కోసం. గ్రీన్‌లాండ్ వైపు ఇన్యూట్ ప్రజలు కొట్టుకొచ్చిన కర్రల చట్రానికి సీల్ తోలు కట్టి, మంచు తేలే నీళ్లలో వేటకు తిరిగారు. ఇప్పటి కయాక్‌లు వాటికంటే వెడల్పు, ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉంటుంది. ప్రతిదానికీ మార్గదర్శి కావాలంటే ఎప్పటికీ నేర్చుకోలేం.

కాజీపేట రైల్వే కాలనీ:
తమ్ముడూ, వాళ్లు పసితనం నుంచీ ఆ నీటిని చదివినవాళ్లు. మనం లైఫ్ జాకెట్‌నే నమ్ముకుని వెళ్తున్నాం. ఒక తీరంలో అద్దెకిచ్చినచోట మా మేనల్లుడికి బకిల్ విరిగిన జాకెట్ ఇచ్చి, తాడుతో ముడి వేసుకోమన్నారు. ముందు దాన్ని పరీక్షించుకోండి. పట్టీలన్నీ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే గడ్డం దాటి రాకూడదు.

ఇసుక తీరం నుంచి నీళ్లలోకి దిగేటప్పుడు కయాక్ ముక్కు అలకు ఎదురుగా ఉండాలి. పక్కకు తిరిగిందా, బోర్లా పడుతుంది. పడితే కయాక్‌కూ ఒడ్డుకూ మధ్య నిలబడకండి, తర్వాతి అల దాన్ని మీ మీదికే విసురుతుంది. చెరువులో రెండేళ్లు కాదు, ఇరవై ఏళ్లు నడిపినా ఇది తెలియదు, ఎందుకంటే అక్కడ అలే లేదు. దీంట్లో మీ తప్పేమీ లేదు.

ములుగు టీచర్:
నాకు అసలు ప్రయాణం మీదే అభ్యంతరం ఉంది. ఎనిమిది వందల ఏళ్ల కిందట కాకతీయులు కొండల నడుమ కట్టలు పోసి కట్టించిన పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు మన ముంగిట్లో ఉన్నాయి. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక దూరదేశాల వాళ్లు వస్తున్నారు. కార్తీకంలో లక్నవరం దీవుల మధ్య పొద్దున్నే పొగమంచు లేస్తుంటే చూశారా? ఇక్కడ ఏం తక్కువైందని అంత దూరం?

ఇంకొకటి. మీరు వెళ్లేది చలికాలంలో. ఉత్తరాది నుంచి వలస పిట్టలు తీరానికి వచ్చే కాలం అదే. పాటు తీసినప్పుడు బయటపడే బురదే వాటి కంచం. కయాక్ చప్పుడు చేయదు కదా అని దగ్గరికి వెళ్తారు, గుంపంతా లేస్తుంది. తిరిగి వెళ్లే ప్రయాణానికి కొవ్వు కూడబెట్టుకునే పక్షిని పదిసార్లు లేపితే తిన్నది ఎగరడానికే సరిపోతుంది. ఎనిమిది కయాక్‌లు ఒకేసారి వద్దు.

హనుమకొండ మిత్రుడు:
అక్కా, లక్నవరం అంటే మాకూ ప్రాణం. కానీ కాకినాడ దగ్గర కోరంగి మడ అడవిలో ఒకసారి చెక్కవంతెన మీద నడిచాను. కింద బురదలో పీతలు ఎర్రటి డెక్కలు ఊపుతున్నాయి. లకుముకి పిట్ట ఒకటి కొమ్మ మీది నుంచి రాయిలా పడి చేపతో లేచింది. చేపలు పట్టే నీటిపిల్లి అక్కడ ఉంటుందని చెప్పారు, కనబడలేదు. చెట్టు ఉప్పునీళ్లలో నిలబడి బతకడం నేను పుట్టిన నేలలో చూడలేనిది. ఆ వేర్ల మధ్యకు, నీటి ఎత్తున కూర్చుని, మోటారు పడవ చప్పుడు లేకుండా వెళ్లాలన్నదే నా ఆశ. మా అమ్మకు అరవై దాటాయి, సముద్రం ఇంకా చూడలేదు. ఆమెనూ తీసుకెళ్తున్నాను, ఒడ్డున కూర్చుంటుంది. పిట్టల మాట మాత్రం మీదే నిజం. నలుగురం చొప్పున వెళ్తాం, గుంపు కనబడితే దూరంగా ఆగుతాం.

నర్సంపేట గంగపుత్రుడు:
వలల సంగతి ఎవరూ ఎత్తలేదు. మా చెరువులో దిగేముందు మీరు సంఘాన్ని అడిగారు, సంతోషం. ఉప్పుటేట్లోనూ పాయకు అడ్డంగా కర్రలు పాతి వలలు కడతారు, పీతల బుట్టలు దించుతారు. తెడ్డుకు తాడు చిక్కి తెగితే ఒక ఇంటి ఆ రోజు కూడు పోయినట్టే. టీచరమ్మ అన్నట్టు వెళ్లడమే మానుకోవాలని నేను అనను. అక్కడి జాలరికి ఆ రోజు కూలి ఇచ్చి వెంట తీసుకెళ్లండి. వల ఎక్కడుందో, పాటు ఎప్పుడు తీస్తుందో అతనికి తెలుసు. ప్రశాంతత కావాలంటే వంద గజాలు వెనక రమ్మనండి. అభయారణ్యం పరిధిలోని మడ అడవికైతే అటవీశాఖ అనుమతి ముందే తీసుకోండి.

హనుమకొండ మిత్రుడు:
నేను పక్షం మారాను. జాలరితోనే వెళ్తాం. ఇంకో సంగతి, మేం అనుకున్న తేదీ పౌర్ణమి మర్నాడు పడింది.

కాజీపేట రైల్వే కాలనీ:
మార్చుకో తమ్ముడూ. అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటూ పాటూ రెండూ బలంగా ఉంటాయి. అష్టమి, నవమి రోజుల్లో లాగుడు తక్కువ, కొత్తవాళ్లకు అదే మంచిది. పొద్దున్నే వెళ్లి, మధ్యాహ్నం సముద్రపు గాలి పెరిగేలోపు ఒడ్డెక్కండి. మా చిన్నాన్న కొడుకు ఇప్పటికీ అక్కడ పడవ నడుపుతాడు. తిథి చూసి తేదీ చెప్పు, మాట్లాడతాను. అమ్మగారు మా పెద్దమ్మ ఇంట్లో దిగవచ్చు, ఏరు వాకిట్లోకి కనబడుతుంది.

ములుగు టీచర్:
నా అభిప్రాయం మారలేదు. అయినా వెళ్తున్నారు కాబట్టి, ఏ పిట్టలు కనబడ్డాయో రాసుకుని రండి. మా పిల్లలకు చూపిస్తాను.