యాకుజాలో చిటికెన వేలినే ఎందుకు కోసుకుంటారు?

ప్రశ్న (కర్నూలు నుంచి):
జపాన్ నేరముఠాలైన యాకుజాలలో తప్పు చేసినవాడు తన చిటికెన వేలి చివరి కణుపును తానే కోసి, గుడ్డలో చుట్టి నాయకుడి ముందు పెడతాడని చదివాను. చిటికెన వేలే ఎందుకు? ఆ పని వాడి చేతనే ఎందుకు చేయిస్తారు? మన సీమ ఫ్యాక్షన్ల గురించి విన్నంతలో దెబ్బ ఎదుటి వర్గం మీదే పడుతుంది గనుక ఇది నాకు అంతుపట్టలేదు.

జవాబు (అనంతపురం నుంచి):
దీనిని యుబిత్సుమే అంటారు. జపాన్ చరిత్రలో ఎడో యుగం (1603–1868) నాటి బకుతో అనే జూదగాళ్ల నుంచి, అంటే అప్పు తీర్చలేనివాడు డబ్బుకు బదులు వేలు ఇచ్చుకునే పద్ధతి నుంచి, ఇది వచ్చిందని చెబుతారు. జపాన్ కత్తి పట్టులో బిగువంతా చివరి వేళ్లలోనే ఉంటుంది కాబట్టి, ఆ కణుపు పోయినవాడు ఒంటరిగా పోరాడలేక ముఠా నీడనే నమ్ముకోవలసి వస్తుంది. నాయకుడు ఒయాబున్, అంటే తండ్రి స్థానంలోనివాడు. అనుచరుడు కోబున్, బిడ్డ స్థానంలోనివాడు. తానే కోసుకుంటే అది క్షమాపణ అవుతుంది, ఆ బంధం తెగకుండా నిలుస్తుంది. మనకు వెంటనే ఏకలవ్యుడు గుర్తుకు వస్తాడు గానీ, ద్రోణుడు బొటనవేలు అడిగింది శిష్యుణ్ణి విలువిద్యకు దూరం చేయడానికి, ఒయాబున్ వేలు పుచ్చుకునేది మనిషిని తన దగ్గరే కట్టిపడేసుకోవడానికి.

జవాబు (తాడిపత్రి నుంచి):
పట్టు గురించి మీరు చెప్పినది నిజం. బండలు కోసే మిషన్లో పడి మా తమ్ముడి ఎడమచేతి చిటికెన వేలి కొన పోయింది. గాయం మాని రెండేళ్లయినా పార పిడి చేతిలో నిలవడం లేదని బాధపడతాడు. మా ఊళ్లో అలాంటి చేతిని చూసి ఎవరూ అనుమానించరు. జపాన్‌లో అనుమానిస్తారు గనుకనే, ముఠా వదిలి ఉద్యోగం వెతుక్కునేవారు సిలికోన్ వేళ్లు తొడుక్కుంటున్నారు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. తానే కోసుకున్నాడు గనుక నాయకుడికి చట్టం వర్తించదా?

జవాబు (అనంతపురం నుంచి):
వర్తిస్తుంది. 1992లో అమలులోకి వచ్చిన ముఠాల నిరోధక చట్టం, వేలు కోసుకొమ్మని తోటి సభ్యుణ్ణి బలవంతపెట్టడాన్నే కాక, పురికొల్పడాన్నీ, అందుకు పనిముట్టు అందించడాన్నీ కూడా నిషేధించింది. కత్తి పట్టింది ఎవరి చెయ్యి అన్నదానితోనే ఆ చట్టం ఆగిపోలేదు.