ఎవరింట్లో వాళ్లం రికార్డ్ చేసిన ట్రాకులు కలవడం లేదు, ఎవరైనా చూడండి (కరోనా లాక్‌డౌన్ నాటి చర్చ)

పల్లెపదం:
పొద్దున్నుంచి దీని ముందే కూర్చున్నాను, తల పగిలిపోతోంది. జానపద బాణీలో మేం సొంతంగా కట్టుకున్న పాట, ఐదు నిమిషాలుంటుంది. లాక్‌డౌన్ కదా, ఎవరింట్లో వాళ్లం రికార్డ్ చేసి ఫైళ్లు పంపుకుంటున్నాం. ఫ్లూట్, వయొలిన్, డోలక్, డప్పు, రెండు గొంతులు. అన్నీ ఒకచోట పెడితే పల్లవి దగ్గర బాగానే ఉంటోంది, రెండో చరణం దాటేసరికి డప్పుకీ డోలక్‌కీ పొంతన ఉండట్లేదు, ఒకే దెబ్బ రెండుసార్లు వినిపిస్తోంది. డోలక్ ట్రాక్ జరిపి చూశాను, చివర కలిస్తే మొదలు పోతోంది. మా డోలక్ ఆయన లయ తప్పే మనిషి కాదు. జ్వరం తగ్గాక ఓపిక తెచ్చుకుని వాయించి పంపాడు, మళ్లీ వాయించమనడానికి నాకు నోరు రావట్లేదు. ఏదైనా దారి చెప్పండి.

ఒకేమాట:
ఏ సాఫ్ట్‌వేర్? శాంపిల్ రేట్ (సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తోంది) ఎంత? ఎవరు దేంట్లో రికార్డ్ చేశారు? ఇవి లేకుండా ఎవరూ ఏం చెప్పలేరు.

దరువు_లయ:
క్లిక్ (లయ కోసం చెవిలో వినిపించే టిక్కుటిక్కు) పెట్టుకుని వాయించారా? నా అనుమానం అక్కడే. జానపదం అనగానే అందరూ సాఫ్ట్‌వేర్ తెరిచి బీపీఎం (నిమిషానికి దెబ్బలు) 96 అని కొట్టి ఊరంతటికీ అదే టిక్కుటిక్కు పంపేస్తారు, ఆ తర్వాత పాటలో ప్రాణం లేదంటారు. మన పాట పల్లవి నుంచి చరణానికి వెళ్తూ కాస్త నిలబడుతుంది, మళ్లీ కోరస్ అందుకునేటప్పుడు కొద్దిగా ఉరుకుతుంది, అది తప్పు కాదు, పాట నడకే అది. తిశ్రంలో మూడు దెబ్బలూ సమానంగా పడవు, మూడోది కాస్త సాగి మొదటిదాని మీద వాలుతుంది. దాన్ని గీతల మీదికి లాగితే ఇంక ఏం మిగిలింది? ముందు డప్పు ఒక్కటే, పాడేవాళ్లలో ఒకరు తోడుగా, క్లిక్ లేకుండా మొదటి నుంచి చివరిదాకా రికార్డ్ చేయించండి. సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ఆవర్తం (తాళం ఒక చుట్టు) మొదటి దెబ్బ దగ్గర గుర్తు పెట్టి టెంపో మ్యాప్ కట్టండి, అంటే వేగం ఎక్కడెక్కడ మారుతోందో సాఫ్ట్‌వేర్‌కి చెప్పండి. మిగతావాళ్లంతా ఆ డప్పు వింటూ వాయించాలి. క్లిక్ తప్పదనుకుంటే ఆవర్తం ఎత్తుగడలో ఒక్కటి చాలు, అది కూడా బీప్ కాకుండా డప్పు శబ్దమే పెట్టండి.

నేరుగా_వాయిద్దాం:
అసలు ఫైళ్లు పంపుకోవడం ఎందుకండీ? జామ్యులస్, జాక్‌ట్రిప్, సోనోబస్ ఉన్నాయి, అన్నీ ఉచితమే, నెట్‌లోనే అందరూ ఒకేసారి వాయించొచ్చు. గాలిలో శబ్దం మీటరు దూరం రావడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. నెట్ ఆలస్యం మొత్తం 25, 30 మిల్లీసెకన్ల లోపు ఉంటే, పక్కవాళ్లు ఎనిమిది, పది మీటర్ల అవతల నిలబడి వాయిస్తున్నట్టు ఉంటుంది, సర్దుకోవచ్చు. మామూలు వీడియో కాల్‌లో ఇది కుదరదు, ఆలస్యం అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది, పైగా ఒకరి శబ్దం వస్తే ఇంకొకరిది నొక్కేస్తుంది. వైఫై వదిలి కేబుల్ పెట్టుకోండి, హెడ్‌ఫోన్స్ వైరువే వాడండి. ఎదురుగా మనుషులు వినిపిస్తుంటే ఈ రోజుల్లో అదే పెద్ద ఊరట.

ఒకేమాట:
ఆయన అడిగింది రికార్డ్ అయిపోయిన ఫైళ్ల గురించి.

తీగమోత:
ఇది లేటెన్సీ సమస్య. డోలక్ ఆయన బ్లూటూత్‌లో విని ఉంటారు. అందులో వంద, రెండొందల మిల్లీసెకన్లు మామూలుగానే పోతాయి.

ఒకేమాట:
లేటెన్సీ కాదు, డ్రిఫ్ట్.

తీగమోత:
రెండూ ఆలస్యమే కదండీ, పేరు ఏది పెడితే ఏముంది.

ఒకేమాట:
చాలా ఉంది. లేటెన్సీ అయితే మొదట్నుంచి చివరిదాకా ఒకే తేడా ఉంటుంది, ట్రాక్ జరిపితే సరిపోతుంది. డ్రిఫ్ట్ అయితే తేడా పోనుపోను పెరుగుతుంది. ఆయన జరిపి చూశానన్నారు, కలవలేదు.

తీగమోత:
ఫోన్‌లో బ్లూటూత్ ఆలస్యం పాట మధ్యలో మారడం నేను చూశాను. కాబట్టి అదీ కొట్టిపారేయకూడదు.

పల్లెపదం:
రీపర్ వాడుతున్నాను, 48 కిలోహెర్ట్జ్ పెట్టాను. అందరూ ఫోన్లలోనే రికార్డ్ చేశారు, ఇళ్లలో ఇంకేముంటాయి? డోలక్ ఆయన పిల్లలు పడుకున్నాక గది మోగకుండా బట్టల బీరువా తలుపులు రెండూ బార్లా తెరిచి, దానికి ఎదురుగా కూర్చుని, ఒక ఫోన్‌లో నేను పంపిన గైడ్ ట్రాక్ (అందరూ వింటూ వాయించే నమూనా) వింటూ ఇంకో ఫోన్‌లో రికార్డ్ చేశాడు. వైరు ఇయర్‌ఫోన్సే, బ్లూటూత్ కాదు. చివరి దెబ్బ దగ్గర చూస్తే డోలక్ 40 మిల్లీసెకన్లు వెనకబడి ఉంది. క్లిక్ గైడ్ ట్రాక్‌లోనే ఉంది. దరువు గారూ, మీరు చెప్పింది తర్వాతి పాటకి తప్పకుండా చేస్తాం, ఇప్పుడు దీన్ని కాపాడుకోవాలి.

నాలుగో_ట్రాక్:
రెండు ఫోన్లు అన్నారు కదా, అక్కడ ఉంది విషయం. ప్రతి ఫోన్‌కీ లోపల సొంత గడియారం ఉంటుంది. సెకనుకి 48,000 శాంపిల్స్ అని రెండూ అంటాయి కానీ ఒకటి రవ్వంత ఎక్కువ తీస్తుంది, ఇంకోటి తక్కువ. ఐదు నిమిషాల్లో 40 మిల్లీసెకన్లంటే పది లక్షల్లో 133 వంతులు, రెండు చవక ఫోన్ల మధ్య అంత తేడా రావచ్చు. 44.1 కిలోహెర్ట్జ్ ఫైల్‌ని 48గా చదివి ఉంటే తేడా ఇంత చిన్నగా ఉండదు, శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానం పైకి పోయి పాట 24 సెకన్ల ముందే అయిపోయేది. కాబట్టి ఆయన చేత మళ్లీ వాయించక్కర్లేదు.

మొదటి దెబ్బ సరిగ్గా కలిపి పెట్టండి. రీపర్‌లో ఆ డోలక్ ఐటెమ్ ప్రాపర్టీస్‌లో ప్లేబ్యాక్ రేట్ 1.000133 ఇవ్వండి. పక్కనే శ్రుతి మారకుండా ఉంచే టిక్కు ఉంటుంది, దాన్ని తీసేయండి, ఇది ముఖ్యం. టిక్కు ఉంటే సాఫ్ట్‌వేర్ శబ్దాన్ని ముక్కలు చేసి అతుకుతుంది, డోలక్ దెబ్బ మొద్దుబారిపోతుంది. తీసేస్తే శ్రుతి పెరుగుతుంది కానీ సెంటులో (సెంటు అంటే స్వరస్థానంలో నూరో వంతు) పావు వంతు కూడా ఉండదు, ఏ చెవికీ తెలియదు. తర్వాత పాట మధ్యలో ఒక దెబ్బ చూడండి. అక్కడా కలిస్తే డ్రిఫ్టే. కలవకపోతే ఫోన్ మధ్యలో ఎక్కడో శాంపిల్స్ వదిలేసిందన్నమాట, అప్పుడు అక్కడ కోసి జరపాలి. ఇకమీదట అందరూ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చప్పట్లు కొట్టి పంపితే ఈ లెక్క ఇట్టే తేలిపోతుంది. ఫైళ్లు వేవ్ (WAV) ఫార్మాట్‌లోనే పంపమనండి. ఎంపీ3 చేస్తే ముందు కొంచెం ఖాళీ చేరుతుంది, వాయిస్ మెసేజ్‌గా పంపితే శబ్దమే నలిగిపోతుంది.

దరువు_లయ:
డప్పు గురించి ఒక్క మాట. కాచిన డప్పు వాయిస్తుండగానే చల్లారి నాదం దిగుతుంది. పల్లవి ఒక టేక్, చరణం ఇంకో టేక్ తీసుకుంటే ప్రతి టేక్ ముందూ మళ్లీ కాచమని చెప్పండి, లేకపోతే అతుకు దగ్గర వేరే వాయిద్యం వచ్చినట్టుంటుంది. ఫోన్‌లో శబ్దాన్ని దానంతటదే తగ్గించి పెంచే సెట్టింగు కూడా ఆపించండి, డప్పు దెబ్బ పడగానే అది భయపడి నొక్కేస్తుంది.

తీగమోత:
మరి వయొలిన్? అది కూడా రెండు ఫోన్లేనా?

నేరుగా_వాయిద్దాం:
కనీసం రిహార్సల్ అయినా జామ్యులస్‌లో చేసుకోండి, గైడ్ ట్రాక్ ఒంటరిగా వింటూ వాయించడం కంటే వంద రెట్లు నయం.

పల్లెపదం:
1.000133 పెట్టాను, టిక్కు తీశాను. మధ్యలోనూ కలిసింది. డోలక్ ఆయనకి ఫోన్‌లో వినిపించాను, చాలా సంతోషించాడు. థ్యాంక్స్ అండి నాలుగో ట్రాక్ గారూ. ఫ్లూట్ మాత్రం చివరికొచ్చేసరికి శ్రుతి పైకి పోతోంది, అది కూడా ఈ గడియారం గొడవేనా?

ఒకేమాట:
కాదు. ఊదేకొద్దీ ఫ్లూట్ వేడెక్కి శ్రుతి పెరుగుతుంది. ముందే పది నిమిషాలు ఊదించి అప్పుడు రికార్డ్ చేయించండి.

నాలుగో_ట్రాక్:
ఊదేటప్పుడు ఒక చెవిలో తంబుర శ్రుతి కూడా పెట్టించండి. ఫ్లూట్ ఏ శ్రుతికి కలుపుకున్నారు? వయొలిన్ కూడా దానికేనా? గైడ్ ట్రాక్‌లో ‘ఎ’ స్వరం 440 హెర్ట్జ్‌లో ఉండి ఒకరు 442కి కలిపి ఉంటే ఎనిమిది సెంట్ల తేడా మొదట్నుంచీ ఉంటుంది, అది వేరే సంగతి.