షట్టర్ స్ప్రింగ్ తెగింది: రిపేరు చేయించాలా, మొత్తం మార్చాలా?

లంకగట్టు (రాజోలు దగ్గర)
అందరికీ నమస్కారమండి. మా ఇంటి కింద కారు పెట్టుకునే చోట పన్నెండడుగుల ఇనప షట్టర్ ఉంది. బిగించి తొమ్మిదేళ్లయింది. మొన్న పొద్దున్నే ఎత్తుతుంటే పైన ఫట్‌మని చప్పుడైంది. అప్పట్నుంచి ఇద్దరం పట్టినా కష్టంగా లేస్తోంది, ఒక పక్కకి ఒరుగుతోంది. ఒక మెకానిక్ మొత్తం పీకేసి మోటార్ షట్టర్ పెట్టించుకోమన్నాడు. ఇంకొకాయన స్ప్రింగులు మారిస్తే చాలన్నాడు. మా బావమరిదేమో ఎవరూ వద్దు, నేనే మార్చేస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

తీరంగాలి (నరసాపురం)
మొత్తం మార్చేయండి. మనది ఉప్పుగాలి. మామూలు ఇనుము రంగేసినా నాలుగేళ్లకే పొక్కులు లేస్తుంది. జింక్ పూత ఉన్న జీఐ రేకులు పెట్టించుకుంటే మళ్లీమళ్లీ ఈ తలనొప్పి ఉండదు. మోటార్ కూడా పెట్టించండి, ఇంట్లో పెద్దవాళ్లుంటే సుఖం.

కొబ్బరికొట్టు (అంబాజీపేట)
తీరంగాలి గారూ, జీఐ మాట వరకు మీతో ఏకీభవిస్తాను. కానీ తెగింది స్ప్రింగు. రేకులెందుకు పారేయాలండీ? మా కొట్టుకి మూడు షట్టర్లు. స్ప్రింగులు ఎన్నోసార్లు మార్పించాం, రేకులు మాత్రం అవే.

షట్టర్ కిందికి దించుతుంటే, పైన అది చుట్టుకునే పైపు మీదున్న స్ప్రింగు బిగుసుకుంటుంది. ఎత్తేటప్పుడు ఆ బిగువే బరువు మోస్తుంది. ఒకటి తెగితే బరువంతా రెండోదాని మీద, మన నడుం మీద పడుతుంది. అందుకే ఒరుగుతోంది. రెండూ ఒకే రోజు బిగించినవైతే ఒక్కటే మార్పించకండి. రెండోది కూడా అంతే అలిసిపోయి ఉంటుంది. పైగా కొత్తదాని లాగుడు వేరు, పాతదాని లాగుడు వేరు.

రేకులు పారేయాలో లేదో ముందు మీరే చూడండి. అడుగు పట్టీని, పక్క గైడ్ల (షట్టర్ జారే నిలువు గాడుల) పాదాలను స్క్రూడ్రైవర్‌తో పొడవండి. నీళ్లు నిలిచేది అక్కడే కాబట్టి తుప్పు కూడా అక్కడే మొదలవుతుంది. లోపలికి దిగబడితే ఆ పట్టీ, గైడ్లు మార్పించండి. మధ్య రేకులు కూడా చిల్లులు పడితే అప్పుడు కొత్త షట్టర్ గురించి ఆలోచించవచ్చు. 2022 జులై వరదలో మునిగిన లంక ఇళ్లలో గైడ్ల నిండా ఒండ్రు పేరుకుంది. కడిగి ఆరబెట్టకుండా దానిమీదే గ్రీజు పూసినవాళ్ల షట్టర్లు బిగుసుకుపోయాయి. మీ ఇంట్లోకీ నీళ్లొచ్చుంటే గైడ్లు విప్పించి చూడండి.

మీ బావమరిదిని మాత్రం చెయ్యి పెట్టనివ్వకండి, దయచేసి. షట్టర్ పూర్తిగా పైకెత్తినా స్ప్రింగులో బిగువు మిగిలే ఉంటుంది. అది తెలియక బోల్టు వదులు చేస్తే పైపు గిర్రున తిరిగి రెంచి చేతిని కొడుతుంది. మా వీధిలో ఒక కుర్రాడికి మణికట్టు విరిగింది. ఆ రోజు నేనక్కడే ఉన్నాను.

భీమవరం2డాలస్
కొబ్బరికొట్టు గారు చెప్పింది అక్షరాలా నిజం. ఇక్కడ అమెరికాలో గ్యారేజ్ తలుపు మడతలుగా పైకి వెళ్తుంది, చుట్టుకోదు. కానీ దాని బరువు మోసేదీ స్ప్రింగే. మామూలు స్ప్రింగుకి సుమారు పదివేల సార్లు తీసి వేసేంత ఆయుష్షని లెక్క. రోజుకి నాలుగుసార్లయితే ఏడేళ్ల లోపే. మీది తొమ్మిదేళ్లకు తెగిందంటే అందులో వింతేమీ లేదు, షట్టర్ పాడైపోయిందనీ కాదు.

మోటార్ పెట్టిస్తే మాత్రం ఒకటి అడగండి. 1993 నుంచి ఇక్కడ తయారయ్యే ఇంటి గ్యారేజ్ మోటార్లకి, తలుపు దిగేటప్పుడు కింద ఎవరైనా ఉంటే ఆగి వెనక్కి వెళ్లే ఏర్పాటు చట్టప్రకారం ఉండాలి. మీ మోటార్‌కి అలాంటి సెన్సర్ లేకపోతే కొనకండి. ఇంట్లో పిల్లలుంటారు.

తీరంగాలి (నరసాపురం)
సెన్సర్ మాట నాకు తట్టలేదు, మంచి మాట చెప్పారు. తుప్పు విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను. మా ఇల్లు సముద్రానికి దగ్గర. రిపేర్ల మీద రిపేర్లు చేయించి విసిగిపోయాను.

కొబ్బరికొట్టు (అంబాజీపేట)
మీ ఊరి గాలికి మీ మాటే కరెక్టేమోనండి. ఇంకోటి, తుపాను రోజుల్లో కరెంటు ఉండదు. మోటార్ పెట్టించినా చేత్తో లాగే చైన్ ఉన్నదే తీసుకోవాలి. స్ప్రింగు తెగిన షట్టర్‌కి మోటార్ తగిలిస్తే ఆ బరువుకి మోటారూ కాలిపోతుంది.

లంకగట్టు (రాజోలు దగ్గర)
ఆయ్, ఇప్పుడే పొడిచి చూశానండి. మధ్య రేకులు గట్టిగా ఉన్నాయి. అడుగు పట్టీ కుడి మూల మాత్రం పొడిపొడిగా రాలింది. రెండు స్ప్రింగులు, అడుగు పట్టీ మార్చమని రెండో మెకానిక్‌కి ఫోన్ చేశాను, రేపొస్తానన్నాడు. బిగించాక సగం ఎత్తి వదిలి చూస్తాను. అక్కడే నిలబడితే బిగువు సరిపోయినట్టే, అప్పుడే డబ్బులిస్తాను. బావమరిదికి మణికట్టు సంగతి చదివి వినిపించాను, రెంచి లోపల పెట్టేశాడు.