వైరస్ కనిపించని స్థాయికి వచ్చాక దంపతులు కండోమ్ మానవచ్చా?

గుంటూరు గృహిణి:
మావారికి హెచ్‌ఐవీ ఉందని తెలిసి ఆరేళ్లయింది. నాకు లేదు, ఆరు నెలలకోసారి పరీక్ష చేయించుకుంటూనే ఉన్నాను. ఆయన రోజూ రాత్రి తొమ్మిదింటికి ఒక మాత్ర వేసుకుంటారు. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో ఇచ్చిన డబ్బా మీది కాగితాన్ని నీళ్లలో నానబెట్టి ఊడదీసి, డబ్బాను బీరువాలో పట్టుచీరల వెనుక పెడతాను, ఎందుకంటే మా అత్తగారికి ఈ సంగతి తెలియదు. రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే వైరల్ లోడ్ పరీక్షల్లో గత రెండింటిలోనూ వైరస్ కనిపించలేదని వచ్చింది. మాకు రెండో బిడ్డ కావాలని ఉంది, కౌన్సెలర్ గారేమో కండోమ్ మానవద్దంటున్నారు. ఆ మాట ఇప్పటికీ అవసరమా?

వైద్య విద్యార్థి:
అవసరం లేదనే నా అభిప్రాయం. యూరప్‌లో జరిగిన పార్ట్‌నర్ అధ్యయనం ఫలితాలు 2016లో వచ్చాయి. ఒకరికే హెచ్‌ఐవీ ఉండి, మందులతో అది అణిగి ఉన్న 888 జంటలు అందులో పరిశీలనలో ఉన్నాయి, వారు కండోమ్ లేకుండా సుమారు 58,000 సార్లు కలిశారు. అంతవరకూ వైరస్ లేని 11 మందికి ఆ కాలంలో హెచ్‌ఐవీ సోకింది గానీ, వైరస్ జన్యుక్రమాన్ని పోల్చి చూస్తే ఒక్కరికి కూడా అది తమ భాగస్వామి నుంచి వచ్చినది కాదని తేలింది. ఇంత తెలిసిన తర్వాత కూడా భార్యాభర్తలను జీవితాంతం భయంలో ఉంచడం వైద్యం కాదు.

పూర్వ కౌన్సెలర్:
బాబూ, మీరు చెప్పిన అంకెలను నేను కాదనను. అయితే భారతదేశం సహా తొమ్మిది దేశాల్లో 1,763 జంటలతో జరిగిన హెచ్‌పీటీఎన్ 052 అధ్యయనాన్ని కూడా చూడండి. చికిత్స మొదలైన తర్వాత భాగస్వామికి సోకిన ఆ కొద్ది సందర్భాలూ వైరస్ ఇంకా అణగకముందువో, మందు పనిచేయడం మానేసిన తర్వాతివో. అంటే రక్షణ ఇస్తున్నది పాత రిపోర్టు కాదు, మాత్ర తప్పకపోవడం. నేను కూర్చున్న గదిలో భర్త రిపోర్టును స్వయంగా చదివిన భార్యలు చాలా తక్కువ. ‘బాగానే ఉందట’ అన్న మాట మీదే కాపురం నడిచేది. పనికోసం ఊరు దాటి వెళ్లి, తోటివాళ్ల ముందు డబ్బా తీయలేక నెలకు పది రోజులు మాత్ర మానేసినవారిని కూడా చూశాను. అందుకే కండోమ్ మానాలా వద్దా అన్నది డాక్టరో, భర్తో నిర్ణయించే విషయం కాదనీ, వైరస్ లేని మనిషి, తన భాగస్వామి రిపోర్టును చేతిలో పట్టుకుని, అర్థం చేసుకుని, ఇష్టపడి చెప్పవలసిన మాట అనీ నేను గట్టిగా నమ్ముతాను.

వైద్య విద్యార్థి:
ఈ మాట ఒప్పుకుంటున్నాను, అమ్మా. ఒక్కటి మాత్రం చేరుస్తాను: ఇద్దరూ కలిసి నిర్ణయించుకున్నప్పుడు, బిడ్డ కోసం ప్రయత్నించే నెలల్లో మనసుకు ధైర్యం కావాలంటే ఆమె కూడా నివారణ మాత్రలైన ప్రెప్ గురించి డాక్టరును అడగవచ్చు.

గుంటూరు గృహిణి:
కౌన్సెలర్ అమ్మగారి మాట చదివాక ఒక విషయం చెప్పాలనిపించింది. ఆయన మాత్ర వేసుకున్న ప్రతి రాత్రీ వంటింటి క్యాలెండరు మీద పెన్సిల్‌తో చుక్క పెట్టడం నాకు అలవాటు. అది ఆయనను ఎంత బాధపెడుతోందో నిన్నటిదాకా తెలియలేదు. ‘నువ్వు నన్ను కాపలా కాస్తున్నట్టుంటుంది’ అన్నారు. ఎదురు చెప్పలేకపోయాను, ఎందుకంటే అది నిజమే. పెన్సిల్ ఆయన చేతికే ఇచ్చాను. వచ్చే నెల మందులకు ఇద్దరం వెళ్తాం, రిపోర్టు నా ఎదురుగా చదివి వివరించమని అడుగుతాను. అంతవరకూ కండోమ్ మానడం లేదు.